గంప ఎత్తిన చేతికి వాటా ఎంత?

2025 ఏప్రిల్ 2న ప్రకాశం జిల్లా పి.సి.పల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ కంపెనీ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. రాష్ట్రంలో 65,000 కోట్ల రూపాయల పెట్టుబడితో కట్టబోయే 500 ప్లాంట్లలో ఇది మొదటిదని ఆ రోజు ప్రకటించారు. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచుతారు. దాన్ని పులియబెట్టి గ్యాసు తీస్తారు. గ్యాసు తీశాక మిగిలిన ముద్ద ఎరువవుతుంది. ఉపన్యాసాలూ వార్తలూ ఎక్కువగా పెట్టుబడి చుట్టూ, ఉద్యోగాల చుట్టూ తిరిగాయి. ఎరువు సంగతి ఒక మూలన ఉండిపోయింది. ఆ మూలన ఉన్న సంగతినే ఈ సంచికలో మనం మాట్లాడుకోవాలనుకుంటున్నాం.

స్త్రీల హక్కుల పత్రికకు ఎరువుతో ఏం పని అని కొందరు పాఠకులు అడగవచ్చు. పేడ, పెంట, కసువు, ఆకు అలము, కంది కట్టె, వేరుశనగ పొట్టు - వీటిని పోగుచేసి, మోసి, కుళ్ళబెట్టి, పొలానికి చేర్చే పని మన పల్లెల్లో తరతరాలుగా స్త్రీలదే. ఇంతకాలం దానికి ధర లేదు. అది పని అని కూడా ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు అదే వస్తువు సంచిలోకి ఎక్కుతోంది. సంచికి ధర ఉంది, ప్రమాణం ఉంది, ప్రభుత్వ సహాయం ఉంది. ధర లేనన్నాళ్ళూ స్త్రీల చేతిలో ఉన్న పని ధర రాగానే ఎవరి చేతిలోకి వెళ్తుంది అన్నది మన ప్రశ్న.

మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం, కనిగిరి ప్రాంతాలను తీసుకుందాం. 1970లో జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు నుంచి వచ్చి చేరాయి, కనిగిరి, పొదిలి నెల్లూరు నుంచి వచ్చాయి. ఏ జిల్లాలో ఉన్నా ఈ నేలల కథ మారలేదు. వానమీద ఆధారపడ్డ మెట్ట, గులకరాళ్ళ ఎర్రనేలలు, అడుగున ఫ్లోరైడు నీళ్ళు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలుగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఇక్కడి వాళ్ళు దశాబ్దాల తరబడి ఎదురుచూశారు. సేంద్రియ కర్బనం 0.5 శాతానికి తగ్గితే ఆ నేలను బలహీనమైన నేలగా భూసార పరీక్షల్లో లెక్కిస్తారు. అలాంటి నేలలో పడ్డ వాన చుక్క నిలవాలంటే పశువుల ఎరువు కావాలి, నేలమీద ఆకు, చెత్త కప్పు కావాలి. నీళ్ళున్న డెల్టాలో ఎరువు దిగుబడిని పెంచుతుంది. ఈ మెట్టలో అది పంట నిలబడుతుందా ఎండుతుందా అన్నదాన్నే నిర్ణయిస్తుంది.

ఆ విలువ ఈ ప్రాంతపు రైతుకు తెలియనిది కాదు. పొలంలో గొర్రెల మంద పెట్టించుకుంటే మంద యజమానికి డబ్బో గింజలో ఇవ్వటం మెట్ట ప్రాంతాల్లో పాత ఆచారం. అంటే ఎరువుకు ధర కట్టటం మన వ్యవసాయానికి కొత్త కాదు. మంద తోలుకొచ్చిన మగవాడి బేరం బేరమైంది. ఇంటి దొడ్లో తెల్లవారుజామున పేడకళ్ళెత్తి దిబ్బమీద వేసే ఆడమనిషి పని మాత్రం ‘ఇంటిపని’ అయింది. ఒకే వస్తువు. ఒకచోట బేరం, ఒకచోట బాధ్యత.

ఆ బాధ్యత బరువెంతో లెక్క వేద్దాం. మెట్ట పంటలకు ఎకరానికి 4 టన్నుల పశువుల ఎరువు వెయ్యమని వ్యవసాయ శాఖ వారు చెప్తారు. గంపకు 20 కిలోలు పడుతుందనుకుంటే టన్నుకు 50 గంపలు, ఎకరానికి 200 గంపలు. దిబ్బ దగ్గర బండికో ట్రాక్టరుకో ఎత్తేటప్పుడు ఒకసారి, పొలంలో కుప్పలు చిమ్మేటప్పుడు ఇంకోసారి ఆ 200 గంపలూ లేవాలి. అంతకుముందు ఏడాది పొడవునా రోజుకు ఒకటి రెండు గంపల చొప్పున దిబ్బ మీదికి చేరినది కూడా ఆ గంపే. కూలికి పిలిస్తే రోజు కూలి లెక్క ఉంటుంది, అది కూడా మగవాళ్ళ కూలికంటే తక్కువే. సొంత పొలమైతే ఆ లెక్కా లేదు.

గణాంకాలు ఈ లెక్కలేనితనాన్ని శాస్త్రీయం చేశాయి. జాతీయ నమూనా సర్వేల్లో 93 అనే కోడ్ ఒకటుంది. ఇంటిపనితో పాటు కట్టెలు, పశువుల మేత, కూరాకులు ఉచితంగా ఏరి తెచ్చుకునే వారిని, ఇంటి అవసరానికి బట్టలు కుట్టేవారిని ఆ కోడ్ కింద రాస్తారు. ఆ కోడ్ పడిన స్త్రీ శ్రామికుల లెక్కలోకి రాదు. 2019 జాతీయ కాలవినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారని తేలింది. దొడ్డి ఊడ్చి, పేడెత్తి, దిబ్బకు చేర్చే సమయం ఇంటిపనో వ్యవసాయమో తేల్చటం సర్వే చేసేవాళ్ళకు కష్టం. దిబ్బ అమ్ముడుపోయినప్పుడు ఆ డబ్బు ఎవరిదో తేల్చటం మాత్రం ఏ ఇంట్లోనూ కష్టం కాదు.

దీనికి కులం తోడైంది. కళ్ళాపి చల్లే పేడ పవిత్రం, పూజకు పేడ పవిత్రం. ఆ పేడను పెద్దరైతుల దొడ్లలో ఎత్తే మాదిగ, మాల స్త్రీ మాత్రం అంటరానిదిగానే మిగిలింది. ‘పెంట’ అన్నమాట తిట్టయింది, పెంట ఎత్తే మనిషి ఆ తిట్టులో భాగమైంది. నేడు ‘ఆర్గానిక్’ అని ముద్ర పడిన ఐదు కిలోల సంచి పట్టణంలో డాబా తోటలకు వెళ్తోంది. సంచిలో ఉన్నది అదే. సంచిలోకి ఎక్కగానే మైల పోయింది, గౌరవం వచ్చింది, లాభం వచ్చింది. వీటిలో ఏదీ వెనక్కి నడిచి దొడ్డిదాకా రాలేదు.

శాస్త్రజ్ఞానంలో కూడా ఇదే జరిగింది. కంపోస్టు అనగానే మన వ్యవసాయ పుస్తకాలు ఇండోర్ పద్ధతినీ ఆల్బర్ట్ హోవార్డ్ పేరునూ చెప్తాయి. 1931లో ఆయన యశ్వంత్ వాడ్‌తో కలిసి ఆ పద్ధతిని పుస్తకంగా వేశాడు. రెండు దశాబ్దాలకు పైగా ఆయనతో కలిసి భారతదేశంలో పరిశోధన చేసిన భార్య గాబ్రియేల్ హోవార్డ్ స్వతంత్రంగా పేరున్న వృక్షశాస్త్రవేత్త. ఆమె 1930లో చనిపోయింది. ఆమె పేరు ఎంతమంది వ్యవసాయ విద్యార్థులకు తెలుసు? ఇక ఆ పద్ధతికి ముడిసరుకైన రైతుల అనుభవంలో స్త్రీల పాలు ఎంతో రాసిన వాళ్ళే లేరు.

ఇప్పుడు నియంత్రణ సంగతికి వద్దాం. ఎరువుల (నియంత్రణ) ఉత్తర్వు 1985లో వచ్చింది. నిత్యావసర వస్తువుల చట్టం దానికి మూలం. మొదట అది రసాయనిక ఎరువుల కోసమే. 2006లో జీవన ఎరువులనూ సేంద్రియ ఎరువులనూ అందులో చేర్చారు. వానపాముల ఎరువుకు, పట్టణ చెత్తతో చేసిన కంపోస్టుకు విడివిడిగా ప్రమాణాలు నిర్ణయించారు. వానపాముల ఎరువులో తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి, సేంద్రియ కర్బనం 18 శాతానికి తగ్గకూడదు, నత్రజని కనీసం 1 శాతం ఉండాలి, దుర్వాసన ఉండకూడదు. కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉత్తర్వును ఉల్లంఘిస్తే మూల చట్టం కింద మూడు నెలల నుంచి ఏడేళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చు.

ఈ నియంత్రణ అవసరమనే మా అభిప్రాయం. సేంద్రియ ఎరువు పేరుతో మట్టి, బూడిద కలిపిన సంచులు అమ్మితే మోసపోయేది అప్పు చేసి కొన్న చిన్నరైతు. ఆ అప్పు తీర్చేది ఇంటిల్లిపాదీ, ముఖ్యంగా పుస్తెలు కుదువపెట్టే ఆడమనిషి. పట్టణ చెత్తలోని బ్యాటరీలు, రంగులు, గాజుపెంకులు వేరుచెయ్యకుండా కంపోస్టు చేస్తే సీసమూ కాడ్మియమూ పొలంలోకి వచ్చి చేరతాయి, అక్కడినుంచి మళ్ళీ బయటికి పోవు. కనుక ‘చిన్నవాళ్ళను వదిలెయ్యండి, ప్రమాణాలు వద్దు’ అనే వాదన మాకు సమ్మతం కాదు. చిన్న ఉత్పత్తిదారు సరుకు నాణ్యమైనదని రుజువు కావటం ఆమెకే అవసరం. రుజువు లేనిచోట పెద్ద కంపెనీ ముద్రే రుజువుగా చెల్లుతుంది.

మా అభ్యంతరం ప్రమాణాల మీద కాదు, వాటిని అందుకునే ఖర్చు ఎవరు భరించాలన్నదాని మీద. తేమ 15 నుంచి 25 శాతం అని చట్టంలో ఒక్క వాక్యం. ఏప్రిల్, మే నెలల్లో మార్కాపురం ఎండల్లో ఆ వాక్యాన్ని నిలబెట్టాలంటే తొట్టికి నీడ కావాలి, రోజూ తడి కావాలి, లేకపోతే వానపాములు చస్తాయి. తాగే నీళ్ళకే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే ఊళ్ళలో తొట్టిమీద చల్లే నీళ్ళు ఎవరు మోస్తారు? ఉపాధి హామీ పథకం కింద నాడెప్ తొట్లు, వానపాముల ఎరువు తొట్లు కట్టారు. గోడ కట్టటానికి అంచనా ఉంది, బిల్లు ఉంది. నీళ్ళకూ నీడకూ, పేడ మోసే పనిదినాలకూ అంచనా లేదు. ఎండిపోయిన తొట్టిలో కోళ్ళు పడుకుంటే ‘ఆడవాళ్ళకు శ్రద్ధ లేదు’ అని నివేదిక రాయటం సులభం.

కాగితాల సంగతీ అంతే. ఉత్తర్వు ఇంగ్లీషులో ఉంది, ఫారాలకు అక్షరాల పేర్లున్నాయి. ఎంత పరిమాణం దాకా ఇంట్లో తయారుచేసి పక్క రైతుకు అమ్మవచ్చు, ఎక్కడ నుంచి అధికారపత్రం కావాలి, సంచిమీద ఏమేమి అచ్చువెయ్యాలి అన్న మూడు ప్రశ్నలకు తెలుగులో ఒక పేజీ జవాబు మండల వ్యవసాయ కార్యాలయం గోడమీద ఉండాలి. తెలియని చట్టం చిన్నవాళ్ళను రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. భయంతో కొందరు అమ్మటమే మానేస్తారు. మిగిలినవాళ్ళు తమ సరుకును ముద్ర ఉన్న వ్యాపారికి అతను చెప్పిన ధరకు పోసి వస్తారు.

ఉత్తర్వులో ఇంకో లోటుంది. అందులో సరుకుంది, సంచి ఉంది, నమూనా ఉంది, ప్రయోగశాల ఉంది. పని చేసే మనిషి లేదు. కుళ్ళుతున్న కుప్పను తిరగేసేటప్పుడు లేచే దుమ్ములో బూజు బీజాలుంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకు అవి ప్రమాదం. చెత్తలో సూదులు, మేకులు, గాజుముక్కలు ఉంటాయి. కుప్ప లోపల వేడి 55 డిగ్రీలకు చేరి కొన్నాళ్ళు నిలవకపోతే రోగక్రిములూ పురుగుల గుడ్లూ చావవు. మనం ‘వయ్యారిభామ’ అని పిలిచే కలుపుమొక్క ఉంది. ప్రతి పనికిమాలినదానికీ ఆడపేరు పెట్టే అలవాటు మనది. పూత రాకముందే పీకి కంపోస్టు చేస్తే అది కూడా ఎరువే. కానీ ఉత్త చేతులతో పీకితే చర్మం దద్దుర్లెక్కుతుంది, కొందరికి ఆయాసం వస్తుంది. పీకేది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఆస్ట్రేలియాలో కంపోస్టుకూ నేలమీద కప్పే మల్చ్‌కూ కలిపి ఒక జాతీయ ప్రమాణం ఉంది. కుండీల మట్టి, కంపోస్టు సంచుల మీద లెజియోనెల్లా అనే బాక్టీరియా గురించి హెచ్చరిక ఉంటుంది: సంచి విప్పేటప్పుడు ముఖానికి గుడ్డ కట్టుకోండి, చేతొడుగులు వేసుకోండి, తడిపి వాడండి అని. అక్కడ తోటలో సరదాగా పనిచేసే మనిషి ఊపిరితిత్తుల గురించి ఆలోచించారు. ఇక్కడ రోజుకు ఎనిమిది గంటలు కుప్ప తిరగేసే మనిషికి ఆ గుడ్డముక్క కూడా ఎవరి బాధ్యతా కాదు. పదిమంది లోపు పనిచేసే చోట్లు మామూలుగా 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత నియమావళి పరిధిలోకే రావు. ఎరువు షెడ్లు చాలావరకు అలాంటివే.

ఈ పాఠం మార్కాపురానికి ఎప్పుడో తెలియాలి. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు ఇక్కడివి. ఆ పలకల పరిశ్రమలో పిల్లల చేత పని చేయించటం దేశవ్యాప్త చర్చయి, 1980ల చివర్లో జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టిన తొలి ప్రాంతాల్లో మార్కాపురం ఒకటైంది. పలక నునుపు చూసి కొన్నవాళ్ళకు పలక దుమ్ము పీల్చిన వాళ్ళు కనిపించలేదు. ఎరువు విషయంలో అదే తప్పు మళ్ళీ జరగనివ్వకూడదు.

పంచాయతీల్లో ఇది మొదలైపోయింది కూడా. గ్రామాల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాల పేరుతో షెడ్లు వేశారు. ఇల్లిల్లూ తిరిగి చెత్త సేకరించి, తడి పొడి వేరుచేసి, ఎరువు చేసే వారికి ‘గ్రీన్ అంబాసిడర్లు’ అని పేరు పెట్టారు. రాయబారి అని పెద్ద బిరుదు ఇచ్చారు గాని ఇచ్చేది జీతం కాదు, ‘గౌరవ వేతనం’. అది కూడా నెలల తరబడి బకాయి పడుతోందని వాళ్ళు మళ్ళీమళ్ళీ ధర్నాలు చెయ్యాల్సి వచ్చింది. గౌరవం అన్నమాట కనీస వేతనాన్ని ఎగ్గొట్టటానికి ఎంత బాగా పనికొస్తుందో అంగన్వాడీ, ఆశా కార్యకర్తల అనుభవంలో మనం చూశాం. ఇప్పుడు ఎరువు షెడ్లలో చూస్తున్నాం.

ఇక సహాయం. 2023 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం గోబర్ధన్ ప్లాంట్లలో తయారయ్యే సేంద్రియ ఎరువుకు టన్నుకు 1500 రూపాయల మార్కెటింగ్ సహాయం మంజూరు చేసింది. 2023-24 నుంచి 2025-26 దాకా మూడేళ్ళకు కేటాయింపు 1451 కోట్లకు పైనే. అంతకుముందు 2016లో పట్టణ కంపోస్టుకు కూడా టన్నుకు 1500 రూపాయలే ప్రకటించారు. సేంద్రియ ఎరువుకు ప్రభుత్వం డబ్బు పెట్టాల్సిందే, అందులో సందేహం లేదు. యూరియా మీద ఇచ్చే రాయితీ ముందు ఇది చిన్న మొత్తం. అయితే దొడ్లోని దిబ్బకు, ఇంటి వెనక తొట్టికి ఈ 1500లో పైసా రాదు. పైన వేసిన లెక్కనే మళ్ళీ చూడండి. టన్నుకు 50 గంపలైతే 1500 రూపాయలంటే గంపకు 30 రూపాయలు. యంత్రం నుంచి బయటికి వచ్చిన గంపకు ప్రభుత్వం 30 రూపాయల విలువ కట్టింది. ఆడమనిషి నెత్తిమీద వచ్చిన గంపకు సున్న కట్టింది. నేల మాత్రం రెంటికీ తేడా చూడదు.

2024 నవంబరులో ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్ 2481 కోట్ల రూపాయలతో 10,000 జీవ ఉత్పాదకాల కేంద్రాలు పెడతామంది. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం స్త్రీల పొదుపు సంఘాల మీదే నిలబడింది. దానికి 2024లో గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతి కూడా వచ్చింది. ఘనజీవామృతం చేసేదీ, ఆచ్ఛాదన పరిచేదీ సంఘాల స్త్రీలేనని ఆ కార్యక్రమం వాళ్ళే గర్వంగా చెప్తారు. ఆ గర్వాన్ని లెక్కల్లోకి మార్చమని మనం అడగాలి. రసాయనిక ఎరువు కొనటం మానేస్తే ఇంటికి మిగిలిన డబ్బెంత, దానికి బదులు స్త్రీ పెట్టిన గంటలెన్ని? ఖర్చు తగ్గటమంటే కొన్నిసార్లు ఆ ఖర్చు ఆడమనిషి ఒంటిమీదికి మారటం. ఇది ప్రకృతి వ్యవసాయాన్ని కాదనటం కాదు. ఆ శ్రమకు వెల కట్టకపోతే ఆ వ్యవసాయమే నిలబడదని చెప్పటం.

పేడకు ధర కడితే ఏమవుతుందో ఛత్తీస్‌గఢ్‌లో చూశాం. 2020 జూలై 20న మొదలైన గోధన్ న్యాయ్ పథకం కింద ప్రభుత్వం కిలో 2 రూపాయలకు పేడ కొన్నది. సంఘాల స్త్రీలు దాంతో వానపాముల ఎరువు చేసి అమ్మారు. భూమి లేనివాళ్ళకు కూడా పేడ ఏరటం ఆదాయమయింది. అది చిన్న విషయం కాదు. అయితే సహకార సంఘాల్లో ఎరువును బలవంతంగా అంటగడుతున్నారని రైతుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక పథకమే ఆగిపోయింది. పథకంగా వచ్చినది పథకంగా పోతుంది. హక్కుగా రాసుకుంటే తప్ప నిలవదు. నాణ్యత మీద రైతుకు నమ్మకం లేకపోయినా నిలవదు.

మల్చింగ్ విషయంలో వివక్ష ఇంకా స్పష్టం. 2014 నాటి ఉద్యాన మిషన్ మార్గదర్శకాల్లో ప్లాస్టిక్ మల్చింగ్‌కు హెక్టారుకు 32,000 రూపాయల వ్యయం అంచనా వేసి అందులో సగం రాయితీ ఇచ్చారు. అదే పని చేసే వరిగడ్డికి, కంది పొట్టుకు, వేరుశనగ పొట్టుకు అలాంటి లెక్కేదీ లేదు. పంట అయ్యాక చినిగిన ప్లాస్టిక్ ముక్కలు ఏరేదీ, గట్టున కాల్చేదీ, ఆ పొగ పీల్చేదీ కూలికి వచ్చిన స్త్రీలు. రాయితీ కాగితంలో ఏరివేత ఖర్చు లేదు.

గడ్డి, కట్టె కప్పుగా వేస్తే చాలదా అంటే అక్కడ ఇంకో చిక్కుంది. గడ్డి గేదెకు మేత. కంది కట్టె, పత్తి కట్టె పొయ్యిలోకి. గ్యాసు బండ ఇంట్లో ఉన్నా రెండోది కొనే డబ్బులేని ఇళ్ళు ఎన్నో. ఈ కట్టెకు బయట ధర పలికితే పొలం యజమాని ట్రాక్టరుకెత్తి అమ్ముతాడు. ఇన్నాళ్ళూ కోత తర్వాత చేలోకి దిగి కట్టె పీక్కుపోయిన కూలి స్త్రీ చేను గట్టు దగ్గరే ఆగిపోతుంది. అది కాగితం మీద లేని హక్కు, వాడుకలో ఉన్న హక్కు. సరుకుగా మారటంలో మొదట పోయేవి ఇలాంటి హక్కులే.

బీడు భూముల సంగతి కూడా అంతే. రెవెన్యూ రికార్డులో బీడు అని రాసిన చోట మేకలు మేస్తాయి, సర్కారు తుమ్మ కట్టె దొరుకుతుంది, పేడ దొరుకుతుంది, వానాకాలం ఆకుకూర దొరుకుతుంది. దివాకరపల్లి ప్లాంటు అయినా, రేపు రాబోయే మరొకటి అయినా, నేపియర్ కోసం బీడు తీసుకునేటప్పుడు ఆ బీడు మీద ఎన్ని మేకలు, ఎన్ని పొయ్యిలు ఆధారపడ్డాయో గ్రామసభలో స్త్రీల నోటనే వినాలి. భూమికి కౌలు వస్తుందంటారు. కౌలు పట్టా ఉన్నవారికో, పట్టా లేని భూమైతే ప్రభుత్వానికో వెళ్తుంది. మేక ఉన్న మనిషికి వెళ్ళదు.

పట్టా అన్నమాట దగ్గరే అన్ని దారులూ మూసుకుంటున్నాయి. రైతు అంటే పట్టా ఉన్నవాడు. రాయితీ అతనికి, రుణం అతనికి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుకార్డు రావాలన్నా భూయజమాని సంతకం కావాలి. భర్త పేరున పొలం, మామ పేరున దొడ్డి ఉన్న స్త్రీ, పొలమే లేని దళిత స్త్రీ, ఎరువు చేసినా ఎరువు ఉత్పత్తిదారు కాదు. నిజానికి ఎరువు తయారీకి పొలం అక్కర్లేదు. నాలుగు గజాల నీడ, నీళ్ళు, పేడ, చేతులు చాలు. భూమి లేని స్త్రీకి అందుబాటులో ఉండగల బహు కొద్ది ఉత్పత్తుల్లో ఇది ఒకటి. దాన్ని కూడా పట్టాకు ముడిపెట్టటం కంటే అన్యాయం లేదు.

‘ఇవన్నీ అడుగుతూ కూర్చుంటే పరిశ్రమలు రావు’ అనే వాళ్ళుంటారు. ‘పెద్ద ప్లాంటు వస్తే ఆడవాళ్ళకే పేడ చాకిరీ తప్పుతుంది’ అనే వాళ్ళూ ఉంటారు. చాకిరీ తప్పటం మాకూ కావాలి. పేడ మొయ్యటంలో ఏదో మహత్యం ఉందని మేము పాడదలచుకోలేదు. గంపల స్థానంలో చక్రాల బండి రావాలి, చేత్తో తిరగేసే చోట చిన్న యంత్రం రావాలి. కానీ పని తేలికయ్యాక ఆ పని ఆదాయం కూడా ఆమెదే కావాలి. మన అనుభవంలో పని బరువుగా ఉన్నంతకాలం ఆడవాళ్ళది, యంత్రం రాగానే మగవాళ్ళది అయింది. రోలూ రోకలీ పోయి మిల్లు వచ్చినప్పుడు అదే జరిగింది.

అందుకే ఈ ప్రాంతపు స్త్రీల సంఘాలు, వ్యవసాయ కూలీల సంఘాలు కలిసి ముందుకు తేవలసిన కోర్కెలను ఇక్కడ చర్చకు పెడుతున్నాం.

మొదటిది, ఎరువు తయారుచేసే స్త్రీకి పట్టాతో సంబంధం లేకుండా ఉత్పత్తిదారుగా గుర్తింపు కార్డు ఇవ్వాలి.

రెండవది, ప్లాంటు ఎరువుకు ప్రకటించిన టన్నుకు 1500 రూపాయల సహాయాన్ని, పరీక్షలో నిలిచిన ఇంటి ఎరువుకూ సంఘాల ఎరువుకూ వర్తింపజేసి, ఆమె సొంత ఖాతాలో వెయ్యాలి.

మూడవది, చిన్న ఉత్పత్తిదారుల నమూనాల పరీక్ష ఉచితంగా జరగాలి, నియమాలు తెలుగులో అందుబాటులో ఉండాలి. కల్తీ చేసేవాళ్ళ మీద తనిఖీ ముందు పెద్ద గోదాముల దగ్గర మొదలవాలి.

నాలుగవది, గ్రామంలో తయారైన ఎరువును రైతు సేవా కేంద్రాలు ముందుగా ప్రకటించిన ధరకు కొనాలి. రైతులకు అంటగట్టకూడదు, నాణ్యత చూపి అమ్మాలి.

ఐదవది, ఎరువు షెడ్లలో పనిచేసే ప్రతి ఒక్కరికీ నెలనెలా కనీస వేతనం, చేతొడుగులు, బూట్లు, ముఖానికి తొడుగు, ధనుర్వాతం టీకా, నీళ్ళు, మరుగుదొడ్డి ఉండాలి. ఇవి లేని యూనిట్‌కు అధికారపత్రం ఇవ్వకూడదు. సంచిలో సీసం కొలిచే చట్టం సంచి కుట్టే మనిషి పరిస్థితిని కూడా కొలవాలి.

ఆరవది, తొట్టి కట్టే అంచనాలో నీళ్ళూ నీడా పనిదినాలూ చేర్చాలి. ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం అమల్లో ఈ పనులు జారిపోకుండా చూడాలి.

ఏడవది, గడ్డి, కట్టె, పొట్టు కప్పే పనికి ప్లాస్టిక్‌తో సమానంగా సహాయం ఇవ్వాలి. ప్లాస్టిక్ అమ్మినవాళ్ళే పంట అయ్యాక దాన్ని వెనక్కి తీసుకోవాలి.

ఎనిమిదవది, బీడు భూములు ఇచ్చేముందు స్త్రీల ప్రత్యేక గ్రామసభ జరగాలి. మేత, వంటచెరకు, పేడ హక్కులకు నష్టం జరిగితే పట్టా లేనివారికి కూడా పరిహారం దక్కాలి.

కంభం చెరువును కట్టించింది గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ అని చెప్పుకుంటారు. 2020లో ఆ చెరువుకు అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ గుర్తింపు వచ్చింది. కట్టమీద మట్టి గంపలు మోసిన స్త్రీల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. ఐదు వందల ఏళ్ళ క్రితం సంగతి అది, ఇప్పుడు మార్చలేం. ఈ నేలకు ఇప్పుడు గంపలు మోస్తున్న వాళ్ళ పేర్లు ఉత్పత్తిదారుల జాబితాలో ఉంటాయా ఉండవా అన్నది మాత్రం మన చేతిలో ఉంది. ఆ జాబితా మండల కార్యాలయంలో తయారవుతుంది. అది తయారయ్యే రోజున అక్కడ మనం ఉండాలి.